పాలు తగ్గించిన రోజు

మా బావగారి పేగులో ఎక్కడో అడ్డు పడింది. తిన్నదల్లా వెనక్కి వచ్చేస్తుంటే నెల రోజులు దాదాపు మంచినీళ్ళ మీదే గడిపారు. అమలాపురంలో ఆపరేషన్ చేసి ఐసీయూలో పెట్టేనాటికి, పెళ్ళినాటి ఉంగరాన్ని కడియంలా వేసుకోవచ్చు అన్నట్టున్నారు.

ముక్కులోంచి గొట్టం వేసి డబ్బా పాలు మొదలుపెట్టారు. గంటకి రెండు మూడు చెంచాలు. చుట్టం విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డించే మనిషి మా అక్క. ఆవిడకది తిండిలా కనబడలేదు. మర్నాడు రక్తపరీక్ష చూసి అందులో కూడా సగం తగ్గించేశారు.

అక్క నర్సుని నిలదీసింది.

"ఏవండీ సిస్టర్‌గారూ, పిల్లి కూడా ఇంతకంటే ఎక్కువ తాగుద్ది కదండీ!"

"నెల రోజులు పస్తున్న ఒళ్ళమ్మా. ఒక్కసారే తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోతాయండి. గుండె ఆగిపోవచ్చు కూడా. ఇప్పటికే పడ్డాయి. సెలైన్‌లో ఎక్కిస్తున్నాం. అవి లేచేక పాలు పెంచుతాం."

అక్క నా వైపు తిరిగింది. "ఏడో క్లాసులో బడి మానేసేవు, నీకేమన్నా అర్థమైందేంట్రా?"

"నాకే అర్థమైందంటే నీకూ అవుద్దిలే. వేసవిలో కట్టేసిన కాలవకి నీళ్ళొదిలేటప్పుడు బావగారు తలుపులు ఒక్కసారే ఎత్తేస్తారా?"

బావగారు కాలవ లస్కరు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం.

"ఎందుకెత్తుతారు? ఎండి బీటలేసిన గట్టు కొట్టుకుపోదూ?"

"మరి రైతులు ఊరుకుంటారా?"

"తిడతారు."

"ఇప్పుడు నువ్వు తిడుతున్నావు. అంతే."

అక్క కొంగు చాటునుంచి చిన్న స్టీలు గిన్నె తీసి నా చేతిలో పెట్టింది. పంచదార దండిగా పోసిన సగ్గుజావ. చూడ్డానికి లోపలికి వదిలినప్పుడు, ఎవరూ చూడకుండా నాలుగు చెంచాలు పట్టించేద్దామని తెచ్చిందట. బయటికెళ్ళి పారబోసి, గిన్నె కడుక్కొచ్చాను.

రెండు రోజులకి మమ్మల్ని లోపలికి వదిలినప్పుడు నర్సు నవ్వుతూ ఎదురొచ్చింది. అక్క పాల సంగతి ఎత్తలేదు.

"ఫాస్ఫరస్ లేచిందాండీ?"

"లేచిందమ్మా. ఈ పూట నుంచి పాలు కొంచెం పెంచుతాం."

"ఆయ్. మళ్ళీ పరీక్ష చేసేకే ఇంకాస్త పెంచండి. తొందరేం లేదు."

మంచం మీంచి బావగారు గొంతు పెగుల్చుకున్నారు. "ఆకలేస్తందే."

"వెయ్యనీండి," అంది అక్క.