తువ్వాలుకి తగలని బంతి

మా చిన్నప్పుడు శనివారం పొద్దున మా ఊరు లోవర్ హట్ మైదానంలో మా కుటుంబం ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు... కివీలంతా మడత కుర్చీల్లో కూర్చుంటే, తడి గడ్డి మీద జంపఖానా పరుచుకుని, స్టీలు డబ్బాలో కారప్పూస పెట్టుకుని, గొంతు చించుకుని వాదించుకునేది మావాళ్ళే.

దేని గురించంటారా? మా సాఫ్ట్‌బాల్ టీమ్‌కి పరుగులు ఎలా తేవాలా అని! బేస్‌బాల్ లాంటి ఆటే... బంతి కాస్త పెద్దది, చెయ్యి కింద నుంచి విసురుతారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నేను ఆ టీమ్‌లో చేరింది తియా కోసం. మా బళ్ళో నాకు దొరికిన మొదటి స్నేహితురాలు. తియా లేకపోతే నా మధ్యాహ్నాలన్నీ లంచ్ డబ్బాతో ఒంటరిగానే గడిచేవి...

మా టీమ్ పిల్లలు బంతులు బాగానే ఆపేవాళ్ళు. పరుగులే వచ్చేవి కావు. ఆ రాకపోవడంలో పెద్ద వాటా నాదే. సీజనంతా ఒక్క బంతి కూడా నా బ్యాట్‌కి సరిగ్గా తగల్లేదు. ఆఖరి మ్యాచ్ చూశాక వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచుతానో చెప్తానని కోచ్ మెరె అనేసరికి నా గుండెల్లో రాయి పడింది.

నాన్నది గుంటూరు. రోజూ రైల్లో వెల్లింగ్టన్‌కి వెళ్ళి కంప్యూటర్ ఉద్యోగం చేసొచ్చే మనిషి, క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగడు. రహీం అంకుల్‌ది హైదరాబాద్. మా వీధి మూల మీద పాలు, బ్రెడ్డు, ఐస్‌క్రీములు అమ్మే డెయిరీ ఆయనదే. శనివారం పొద్దున కొట్టు ఆంటీకి అప్పజెప్పి మా కార్లో ఎక్కేసేవారు.

"వచ్చిన ప్రతి బాల్ బాదాలె సార్. ఊకే నిలబడితే రన్స్ ఎట్లొస్తయ్?" అనేవారు అంకుల్.

"చెడ్డ బంతి వదిలెయ్యడం రావాలండీ ముందు. ఓపెనర్ అనేవాడు చేసేది అదే."

"ఇది టెస్ట్ మ్యాచ్ కాదు సార్!"

"బ్యాట్ అడ్డం పెట్టి బంతిని కాళ్ళ దగ్గరే పడేసి పరిగెత్తచ్చుగా? అవతల పిల్లలు అదే చేస్తున్నారు," అని అమ్మ మధ్యలో అందుకునేది. నిజానికి ముగ్గురిలో ఆటని ఆటగా చూసింది ఆవిడొక్కతే... ఆవిడ మాటే ఎవరూ చెవిన వేసుకునేవారు కాదు.

ఇంటికొచ్చే దారిలోనూ అదే గోల. వెనక సీట్లో నేను ముడుచుకుని వినేదాన్ని. ఈ వాదన తిరిగి తిరిగి "అసలు ఈ పిల్లని తీసేస్తే పోలా" అన్న మాట దగ్గర ఆగుతుందేమోనని భయం...

నాన్న ఊరుకునే రకమా? పెరట్లో బట్టలారేసే తీగకి ఒక తువ్వాలు నా మోకాళ్ళ నుంచి ఛాతీ ఎత్తు దాకా వచ్చేట్టు క్లిప్పులు పెట్టి వేలాడదీశాడు. దాని ముందు నన్ను నిలబెట్టి బంతులు విసిరేవాడు. "తువ్వాలుకి తగిలేది కొట్టు. తగలనిది వదిలెయ్." కొట్టడం ఎలాగూ రాలేదు కానీ... వదలడం మాత్రం భేషుగ్గా వచ్చింది.

ఆఖరి మ్యాచ్. స్కోర్లు సమానం. పరుగు కోసం ఒక్కోటీ తాకుతూ చుట్టి రావాల్సిన మూడు బేసుల్లోనూ మావాళ్ళే, మూడో దాంట్లో తియా. ఒక్క పరుగొస్తే గెలుపు. బ్యాట్ పట్టుకుని వెళ్ళింది ఎవరనుకున్నారు... నేనే!

మొదటి బంతి తువ్వాలుకి తగలదు... వదిలేశాను. రెండోదీ అంతే. "బాదు బేటా!" అని అంకుల్. మూడోది నోరూరించేలా వచ్చింది, చివరి క్షణంలో చేతులు ఆపుకున్నాను. నాలుగోది నేల మీద దొర్లింది.

సాఫ్ట్‌బాల్‌లో అలా నాలుగు చెడ్డ బంతులు వేస్తే మనం ఊరికే నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్ళిపోవచ్చు. బేసులన్నీ నిండి ఉంటే అందరూ ఒక్కో బేస్ ముందుకి జరుగుతారు, మూడో బేస్‌లో ఉన్న పిల్లకి పరుగు. టీమ్‌లో ఇది అందరికీ తెలుసు. కానీ నేను పెరిగింది క్రికెట్ ఇంట్లో... వైడ్ పడితే పరుగు దానంతటదే స్కోర్లో చేరుతుంది, బ్యాట్స్‌మన్ కదలడు. నేను బ్యాట్‌తో నేల మీద రెండు సార్లు తట్టి, తర్వాతి బంతి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

కోచ్ "గో! గో!" అని అరుస్తోంది. అంపైర్ చెయ్యి చాచి చూపిస్తున్నాడు. అందరికంటే గట్టిగా వినబడింది మాత్రం నాన్న గొంతే... "కదలకమ్మా! రనౌట్ అయిపోతావ్!"

అమ్మ జంపఖానా మీద నుంచి లేచింది. "మీరు కాసేపు ఊరుకోండి! ఏమేవ్, ఆ బ్యాట్ అక్కడ పారేసి నడువ్!"

నడిచాను. తియా గెంతుకుంటూ వచ్చి పరుగు పూర్తి చేసింది. బంతిని ముట్టుకోకుండానే నేను మ్యాచ్ గెలిపించాను! కోచ్ వచ్చి నా హెల్మెట్ మీద తట్టి, వచ్చే ఏడాదీ నువ్వు కావాలి అంది... హమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది. తియా, నేను ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని ఏడ్చేశాం.

ఆ రోజు కార్లో అంకుల్ అన్నారు, "బిడ్డను తీసేస్తరేమోనని మొదటి నుంచి పరేషాన్ ఉండె సార్ నాకు. అందుకే బాదు బాదు అని మొత్తుకున్న."

"నేనూ అంతేనండీ," అన్నాడు నాన్న.

ఆ మాట విన్నాక నా ఒళ్ళంతా తేలికైపోయింది... ఆ ఎండాకాలమంతా వాళ్ళు కొట్టుకుచచ్చింది నన్ను తీసేయడానికి కాదు, ఎలాగోలా ఉంచడానికి!

ఇప్పుడు హామిల్టన్‌లో మా అమ్మాయి అదే ఆట ఆడుతోంది. పేరెంట్స్ అరవకూడదని కంచెకి బోర్డు పెట్టారు. మంచిదేలెండి... బుద్ధిగా చప్పట్లు కొడతాం, దారిలో దాని బ్యాటింగ్ ఊసే ఎత్తం. మొన్న ఒక్క పరుగూ చెయ్యకుండా వచ్చి కారెక్కింది. నేను రేడియో పెట్టాను. పిల్ల నా వైపు తిరిగి, "అమ్మా, అసలు నువ్వు నా ఆట చూశావా?" అని ఇంగ్లీషులో అడిగింది...

మీ గురించి మీ ఎదుటే అంత గట్టిగా పోట్లాడుకున్న పెద్దవాళ్ళు మీకూ ఉండే ఉంటారు కదా... ఎవరు వాళ్ళు?