పక్కకి తిరిగిన అద్దాలు

ఫెస్ ఊళ్ళో గోడలకు రంగు పలకలు పొదిగే బూష్తాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఎందరి పళ్ళు రాలగొట్టాడో అతనికే తెలియదు. అలాంటివాడికి కళ్ళజోడు అమ్మిన పాపం నాది.

అతని కంటికి అడ్డగీతలు బాగానే ఆనేవి, నిలువు గీతలు అలుక్కుపోయేవి. డాక్టరు చీటీలో పవరుతో పాటు అది ఏ కోణంలో కూర్చోవాలో కూడా రాశాడు. ఆ కోణం తప్పితే చదరం కూడా ఒరిగిపోయి కనిపిస్తుంది.

"గుండ్రటి ఫ్రేము వద్దు అన్నా, అందులో అద్దం తిరిగిపోద్ది" అన్నాను.

"మా నాన్న పెట్టుకున్నలాంటిదే కావాలి. నోర్మూసుకుని ఇయ్యి."

ఇచ్చాను. భయపడ్డాను మరి.

పలకలు చెక్కితే దుమ్ము. అందుకని శుక్రవారం నమాజుకు ముందు అద్దాలు ఊడదీసి, సబ్బుతో కడిగి, మళ్ళీ ఫ్రేములోకి నొక్కడం మొదలుపెట్టాడు. నాకు చెప్పనేలేదు.

ఇక్కడ పలక ముక్కలను బోర్లా పేర్చి, వెనక గచ్చు పోసి, ఆరాక లేపుతారు. అందాకా ఆ ముక్కలతో కూర్చిన ముగ్గు ముఖం ఎవరికీ కనపడదు. అలా కడిగిన మర్నాడు, శనివారం, లేపినదాన్ని పేర్చింది బూష్తా బావమరిది థామీ. తన కుడిచేతి పనితనం మీదే థామీ ఇల్లు గడిచేది.

"వంకరపెట్టావు కదరా! నెల రోజుల పని!"

"లేదు బావా, దారం పట్టి చూడు."

"దారమెందుకురా గాడిదా, నాకు కళ్ళు లేవా?"

బూష్తా సుత్తితో పలకలను పగలగొట్టసాగాడు. థామీ కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. బూష్తా ఆగలేదు, ఆ చేతి మీదే రెండు దెబ్బలు వేశాడు. మూడు వేళ్ళు నుజ్జయ్యాయి. ఆ కేక నా కొట్టుదాకా వినిపించింది.

పరిగెత్తాను. థామీని అప్పటికే మోసుకుపోయారు. బూష్తా నా గొంతు పట్టుకుని గోడకు నొక్కాడు.

"తలుపూ ఒరిగింది, గోడా ఒరిగింది! ఏం అద్దాలిచ్చావురా?"

ఊపిరాడకపోయినా కళ్ళజోడు లాక్కున్నాను. కోణానికి గుర్తుగా అద్దాల అంచున నేను పెట్టిన గీతలు పక్కకి పోయి ఉన్నాయి. బొటనవేలితో అద్దాలు తిప్పి అతని ముఖానికి తగిలించాను. తలుపు నిటారుగా నిలబడింది. మిగిలిన పలకల వరుసకు దారం పట్టి చూశాడు. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. నెత్తురు కారేదాకా నుదురు గోడకు బాదుకున్నాడు. నాకు జాలి కలగలేదు.

వారం తర్వాత నన్ను సాక్షిగా లాక్కుపోయి థామీ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"తప్పు నాది కాదురా థామీ, అద్దాలు తిరిగిపోయాయి. కావాలంటే ఇతన్నడుగు."

థామీ కట్టుకట్టిన చేతిని గుండెకు ఆనించుకుని విన్నాడు.

"గీత వంకరగా చూపించింది అద్దమే బావా. సుత్తి ఎత్తింది కూడా అద్దమేనా?"

ఎడమచేత్తో తలుపు వేసుకున్నాడు.