అక్క తల వంచి ఎంచిన హెడ్‌ఫోన్లు

ఆదివారం. పొద్దటి నుంచి ముసురు. నారుమడిలో ఎక్కువైన నీళ్లు తీసేసి వచ్చి, వారం లెక్కలు రాసుకున్నాను. పేజీలో సగం మిగిలింది... ఆ సగంలో ఇది రాసి ఫోన్లో అందరికీ పెడుతున్నాను.

మా చిన్నప్పుడు ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేది. బడి వదలగానే అక్కడికే పరుగు... తుపాకుల ఆట కోసం. అక్కడి హెడ్‌ఫోన్లలో ఒక చెవి పలికితే ఇంకో చెవి పలకదు. శత్రువు ఎడమ నుంచి వస్తున్నాడో, కుడి నుంచి వస్తున్నాడో తెలియక ఊరికే చచ్చిపోయేవాణ్ని. "సొంతయి తెచ్చుకోరాదుర" అని దోస్తులు నవ్వేవారు.

మా అక్క సుగుణ ఇంట్లో, ఒళ్లో ఆకుల చేట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆమెకు పాటల పిచ్చి. మామూలు పాటలు కావు... పెళ్లి బరాతులో డీజే బండి మీద మోగే, మాటల్లేని ఎలక్ట్రానిక్ మ్యూజిక్. చిన్న ప్లేయర్లో పెట్టుకుని వింటూ, "ఆ బీటుకు చెయ్యి ఆగకుంట నడుస్తదిరా" అనేది. పక్కింటి వాళ్లు గోడ మీది నుంచి తొంగి చూసి, "సుగుణా, బరాతు ఎవలదే?" అని ఆటపట్టించేవారు.

అందుకే ఇద్దరికీ కలిపి ఒక్క జత హెడ్‌ఫోన్లు కొనుక్కుందామనుకున్నాం. పగలు ఆమెకు, బడి వదిలాక నాకు.

నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. ఆ ఏడు బాపు ట్రాక్టర్ మీది నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టుతో లోపలి అర్రలో మంచం మీదే ఉండేవాడు. అవ్వ నాట్లకు పోతే ఇంట్లో అక్క ఒక్కతే. బాపు గట్టిగా పిలిచే మనిషి కాదు... దాహమైనా మెల్లగా ఒక్కసారి పిలిచి, ఎవరూ పలకకపోతే అట్లాగే ఊరుకునేవాడు.

అవ్వ ముందే చెప్పేసింది. "చెవులు మూసుకొని కూసుంటే మీ బాపును ఎవలు అర్సుకుంటరు? ఆయన ఒక్కసారి పిలిస్తే పలకాలె. లేకుంటే వాపస్ ఇచ్చి రావాలె, అంతే."

కామారెడ్డి బస్సెక్కాం. దుకాణంలో అడుగు పెట్టగానే నేనొకటి పట్టుకున్నాను... నల్లగా, పెద్దగా, చెవిని మొత్తం మూసేసే గిన్నెలు. దుకాణం అతను డీజే పాట పెట్టాడు. నా గుండె అదిరిపోయింది.

"ఆటకు గిదే తమ్మీ. పక్కన బాంబు పేలినా ఇనపడది."

"గట్లైతే మాకు అక్కెరకు రాదన్నా" అంది అక్క.

తర్వాత ఆమె చేసింది తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. స్టూలు మీద కూర్చుని, పెద్దవి పెట్టుకుని, ఒళ్లో చేట ఉన్నట్టే మెడ బాగా వంచి, ఆకు లేకుండానే వేళ్లతో ఉత్తి బీడీలు చుట్టింది. హెడ్‌ఫోన్లు జారి ముక్కు మీదికొచ్చాయి. ఇంకొకటి జారలేదు గానీ చెవులు నొక్కేసింది.

"ఏందక్కా, పాట ఇంటున్నవా, పేన్లు చూసుకుంటున్నవా?" అని నవ్వాడు దుకాణం అతను.

"నా పని గట్లనే ఉంటదన్నా. తలకాయ ఎత్తి చుడితే ఆకు చినుగుతది."

అది అయ్యాక నన్ను గడప దగ్గరికి పంపింది. "బాపు లెక్క పిలువురా."

"సుగుణా!"

"గంత గట్టిగ బాపు ఎన్నడన్న పిలిచిండా? మెల్లగ!"

రోడ్డు మీద ఆటోల హారన్లు... దుకాణంలో అందరూ నా వైపే చూడడం... నాకు తల తీసేసినట్టయింది. అక్క మాత్రం ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకుంటూనే ఉంది. చివరికి ఒక తేలికపాటిది దొరికింది. చెవికి స్పాంజి, వెనక జల్లెడలాగా రంధ్రాలు. మెడ వంచితే కదల్లేదు. నేను గొణిగినట్టు పిలిస్తే, తల ఎత్తకుండానే "ఆఁ" అంది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. "దీంట్ల దడదడ లేదక్కా..."

"దడదడ నాకెందుకురా, బీటు తెలిస్తె చాలు. నీ ఆట గూడ పెట్టించి చూసుకో, నీకు పనికి రాకుంటె తీసుకోను."

దుకాణం అతను తన కంప్యూటర్లో ఆట పెట్టి, ముందు పెద్దవి, తర్వాత ఇవి ఇచ్చాడు. వెనక ఎడమ వైపు నుంచి అడుగుల చప్పుడు... నేను నిజంగానే వెనక్కి తిరిగి చూశాను! పెద్దవాటిలో ఆ అడుగులు దడదడలో కలిసిపోయాయి. వీటిలో ఎవడు ఎటు నుంచి వస్తున్నాడో తెలిసిపోతోంది. ఇక అవే కట్టించుకుని బస్సెక్కాం.

మరునాడు అవ్వ నాటుకు పోయే ముందు లోపలి అర్ర గడపలో నిలబడింది. అక్క పాట పెట్టుకుని చేట ఒళ్లో పెట్టుకుంది. అవ్వ లోపలికి చెయ్యి ఊపింది, పిలువమని.

"ఏమని పిలువాలె? నాకేం అక్కెర లేదు గద" అన్నాడు బాపు, అవ్వకు, పక్కనున్న నాకు మాత్రమే వినపడేట్టు.

అవ్వ కళ్లెర్ర చేసింది. బాపు మెల్లగా, "బిడ్డా..." అన్నాడు.

నా ప్రాణం పోయింది. దుకాణంలో మేం పరీక్షించింది పేరుతో కదా... ఇది ఇంకా చిన్న పిలుపు. అక్క వేళ్లు ఆకు మీద తిరుగుతూనే ఉన్నాయి.

"ఆఁ బాపూ, నీళ్లా?"

అవ్వ తల ఊపి, సద్ది గిన్నె తీసుకుని నాటుకు పోయింది. బాపు ఒకసారి తన చెవికి పెట్టించుకుని, "ఇదేం పాట బిడ్డా, పిండి గిర్ని నడిచినట్టుంది" అన్నాడు. కాలి కట్టు విప్పేదాకా ఆయన ఏది అడిగినా అక్క మళ్లీ అడిగించుకోలేదు. సాయంత్రాలు అవే పెట్టుకుని నేను నెట్ సెంటర్‌లో చాలా ఆటలు గెలిచాను.

అక్క ఇప్పుడు రామారెడ్డి అనే ఊళ్లో ఉంటుంది. హెడ్‌ఫోన్ల విషయమైతే మా ఇంట్లో ఇప్పటికీ ఆమె మాటే. ఇవాళ మా అమ్మాయి కూడా, పాటలకు, ఆటకు కలిపి ఏవి కొనాలో అడగడానికి స్పీకర్ పెట్టి ఆమెకే ఫోన్ చేసింది.

"ఇంట్లోళ్లు పిలిస్తె ఇనపడతదా బిడ్డా?" అని అడిగింది అక్క.

మా అమ్మాయి పకపకా నవ్వింది. "ఇనపడొద్దనే కదా అత్తమ్మా కొనేది!"

అక్క కూడా నవ్వింది... కొంచెం ఆలస్యంగా.

మెల్లగా పిలిచే మనుషులు మీ ఇండ్లల్లోనూ ఉండే ఉంటారు. ఏమని పిలిచేవారో కింద రాయండి... చదువుతాను.

చినుకు మళ్లీ పెద్దదైంది. వసారాలో దండెం మీద బట్టలు తడుస్తున్నాయి, పోయి తీయాలి.