వానడవిల మైదాకు చెట్టు

మా ఇంటెనుక ఖాళీ జాగల వానడవి పెడ్తమని ఒక ఆఫీసు సారు వచ్చిండు. ఏడాదంత వానలు పడే దేశాలల్ల ఉండే అడవంట అది. ఎండకాలం మంజీర నదే ఇసుకైతది, మెదక్‌ల గదెట్ల మొలుస్తదని అడిగితె, దగ్గర దగ్గర నాటితె అదే గుబురైతదన్నడు.

గల్లీల అందర్ని నిలబెట్టి మైకుల సమజ్ చేసిండు. పైన పెద్ద చెట్లు, నడుమ చిన్నయి, కింద పొదలు, వాటి కింద కుళ్ళిన ఆకు, ఆకుల పురుగులు. ఒక్కటి తీసినా అడవి ఖతమన్నడు. మస్తు చెప్పిండు, చప్పట్లు కొట్టినం. తెల్లారి జేసీబీ తెచ్చి ఆ జాగల ఉన్న రేగు, తంగేడు, కింది ఆకు, పురుగు అన్నీ గీకి పారేసిండు. అడవికి జాగ సాఫ్ చేస్తున్నడట.

అండ్ల నా మైదాకు చెట్టు ఉన్నది. మొగడు పోయినంక పెట్టుకున్న. నన్ను పెండ్లికి పిలువరు, పేరంటానికి పిలువరు. గని ఆషాఢం వస్తె చేతులకు పెట్టుకునే మైదాకు కోసం ఆడోళ్ళంత నా కాడికే, రంజాన్‌కు సాయబుల పిల్లలు నా కాడికే. తెంపుకుంట ముచ్చట పెడ్తరు, చాయ్ తాగుతరు. నా ఇంట్ల మనుషుల సప్పుడు గప్పుడే.

జేసీబీ దాని మీదికి రాంగ అడ్డం పోయి, "సారు, కింద పొదలుండాలంటిరి గద. ఇది పొదనే, ఉండనీయుండ్రి" అన్న.

"ఇది వానడవి జాతి కాదమ్మా" అన్నడు.

లారీల కానుగ, వేప దించిండు. వేప ఎప్పుడు వానడవి జాతి అయిందో ఆయనకే ఎరుక.

పీకేసిన చెట్టు కొమ్మలు నాలుగు తెచ్చి బకెట్ల నీళ్ళల్ల పెట్టిన. ఆ ఆషాఢం ఆడోళ్ళొచ్చి, చెట్టు లేదని చూసి, నిలబడ్డ కాళ్ళమీదనే మర్లిపోయిండ్రు. పెట్టిన చాయ్ నేనే తాగిన.

ఫొటోలు దిగి నాటిన మొక్కలల్ల కొన్ని ఎండిపోయినయి. గా గుంతలల్ల నా కొమ్మలు గుచ్చిన. తర్వాత చుట్టూ ఇనుప తీగల జాలి కట్టి, గేటుకు తాళమేసిండ్రు. రోజు ట్యాంకరొచ్చి నా మైదాకుకు నీళ్ళు పోసింది. ఏడాదికి అన్నిట్ల అదే గుబురైంది. సారు పెద్దసార్లను తోలుకొచ్చి, కింది పొదలు ఎట్లొచ్చినయో చూడుండ్రని దాన్నే చూపెట్టిండు. నేను నవ్వాగక కొంగు నోట్ల కుక్కుకున్న.

ఈ ఆషాఢం ఆడోళ్ళు మళ్ళ వచ్చిండ్రు. జాలి సందుల వేళ్ళు పెట్టి తెంపుతున్నరు. మొన్న సారు భార్య కూడ వచ్చింది. గేటు తాళంచెవి వాళ్ళింట్లనే ఉంటదంట, మొగన్ని అడిగితె అడవి ఆకు ముట్టొద్దన్నడంట.

"జర కూసో బిడ్డా, చాయ్ పెడ్త" అన్న.

గడపల కూసున్నది.