ఒక్క రోజుకు తెగిన బేరం

నా చిన్నప్పటి నుంచీ రఘునాథపల్లిలో మాకో కిరాణ దుకాణం ఉంది. నడక కన్నా ముందు నాకు బేరం వచ్చిందని మా బాపు నలుగురిలో చెప్పేవాడు. అది మెచ్చుకోలో, మొరపెట్టుకోవడమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

దుకాణానికి ఎదురుగా మెథడిస్టు చర్చి, పక్కనే పాస్టరు గారి ఇల్లు. భార్య పోయిన మనిషి, పిల్లలు లేరు. ఒకరిని దవాఖానకు తీసుకెళ్లడం, ఇంకొకరి పని మీద ఆఫీసుల చుట్టూ తిరగడం, పొద్దంతా అదే. మా అమ్మ పోయిన ఏడాది ఊరంతా వచ్చి నాకు ధైర్యం చెప్పి వెళ్లింది. ఆయన ఏమీ చెప్పలేదు. బడి నుంచి వచ్చాక తన వరండాలో కూర్చోనిచ్చారు. ముందు దుకాణంలో గిరాకీల సందడి, వెనుక గదుల్లో ఎవరూ లేరు. నాకు ఆ వరండా తప్ప వేరే చోటు లేకపోయింది.

అటువంటి ఆయనకు బదిలీ వచ్చింది. వాళ్ల పద్ధతే అంత. ఏటా జరిగే సభలో పేరు చదివితే ఏ పాస్టరైనా సామాను సర్దుకోవాల్సిందే. ఈయనకు కాటారం పడింది. వీడ్కోలుకు, పాస్టర్ల మీద అధికారి సూపరింటెండెంటు గారు వచ్చారని తెలిసి, చర్చి గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. ధర చెప్పే మనిషితోనే మాట్లాడాలన్నది దుకాణం నేర్పిన చదువు.

"సార్, మా అయ్యగారిని ఇంకో మూడేండ్లు ఉంచుండ్రి."

"కుదరదమ్మా."

"సరే, మీ మాటొద్దు, నా మాటొద్దు. ఏడాది."

ఆయన నవ్వి తల అడ్డంగా ఊపారు. బేరగాళ్ల ఆఖరి ఎత్తు వేశాను. అక్కర లేనట్టు తిరిగి నాలుగడుగులు నడిచాను. వెనక్కి పిలవాలి. పిలవలేదు. సిగ్గు చంపుకుని నేనే తిరిగొచ్చి, "పోనీ ఒక్క దినం" అన్నాను. ఆయన సామాను లారీని మరునాటికి వాయిదా వేయించారు. బేరం తెగింది.

ఆ రోజంతా వరండాలో కూర్చోవచ్చని ఆశపడ్డాను. పాస్టరు గారు నాకంటే గట్టి బేరగాడు.

"నువ్వొక దినం తీసుకుంటివి. మరి నాకేమిస్తవు బిడ్డా?"

"ఏం కావాలె అయ్యగారు?"

ఆయన నన్ను, కళ్లు పోయి ఒంటరిగా ఉండే గాజుల అవ్వ ఇంటికి తీసుకెళ్లారు. తురకల అవ్వ, ఒకప్పుడు ఇల్లిల్లూ తిరిగి గాజులు వేసేది. పొద్దుగూకే వేళ ఆయన రోజూ అక్కడ కాసేపు కూర్చునేవారట.

"అవ్వా, రేపటి సంది ఈ బిడ్డ వస్తది."

"ఎవలు? దుకాణపోల్ల పిల్లనా? పరేషాన్ చేస్తది గది" అంది అవ్వ.

ఏం మాట్లాడాలని దారిలో అడిగాను. "ఆమె చెప్తే విను. లేకుంటే ఊకె కూసో" అన్నారు.

మరునాడు లారీ వెళ్లిపోయింది. ఎదురింటికి తాళం. ఇచ్చిన మాట కాబట్టి, మనసు లేకున్నా, సాయంత్రం అవ్వ దగ్గరికి పోయాను. పక్కన కూర్చున్నాను. తర్వాత ఆమె తడుముకుంటూ నా చెయ్యి అందుకుని, గాజులు వేసేటప్పటిలా వేళ్లన్నీ దగ్గరికి ఒత్తింది.

"గిది మీ అమ్మ చెయ్యే. బొటనవేలు కాడ గట్టిగుంటది, జర ఒత్తాలె. కొసరు గాజు గుంజుకోకుండ లేస్తుండెనా మీ అమ్మ? నా పానం తీస్తుండె."

అమ్మ పోయాక ఆమెను తిట్టిన మొదటి మనిషి అవ్వే. నేను నవ్వాను, ఆ వెంటనే ఏడ్చాను. అవ్వ చెయ్యి వదల్లేదు.

పాస్టరు గారు మళ్లీ రాలేదు. అటే ఎక్కడో కన్నుమూశారని చాలా ఏళ్లకు విన్నాం. ఇప్పుడు ఇంట్లోనూ దుకాణంలోనూ నేనొక్కదాన్నే. తల్లి పోయిన ఇంటికి ఎప్పుడు వెళ్లినా, ఇంత నోరున్న దానికి ఓదార్పు మాట రాదేమిటని చుట్టాలు గుసగుసలాడతారు. నేను ఆ ఇంటి పిల్లను వెతుక్కుని పక్కన కూర్చుంటాను. పిల్ల నా వైపు చూసినప్పుడు, వాళ్లమ్మ మా దుకాణంలో ఎట్లా గీసి గీసి బేరమాడేదో చెబుతాను.