నీళ్ళలో నిలబడి చదివేవాళ్ళ కోసం

మా ముత్తాత రాఘవరెడ్డి గారు కాలువ నీళ్ళ తగువులు తీర్చిన పెద్దమనిషి. ఆయన చెప్పిన తీర్పును కాదన్నవాళ్ళు లేరు. తాత పెంచలరెడ్డి గారు ఎదురైతే జనం చెప్పులు విడిచి నిలబడేవారు. నాన్న కాలానికి ఆ మర్యాదలు పేరుకే మిగిలాయి. అయితే నిన్న మా అమ్మాయి గోళ్ళకు రంగు వేసుకుంటుంటే, ఆ ఘాటు వాసనకు నాకు గుర్తొచ్చింది వీళ్ళెవరూ కాదు, నెల్లూరులో గాలాల కొట్టు నడిపిన ఖాదర్ బాషా గారు. ఆయన కోడి ఈకలను దారంతో కొక్కేనికి చుట్టి, ఈగలాగానో చిన్న రొయ్యలాగానో కనిపించే ఎరలు కట్టేవారు. ముడి ఊడిపోకుండా చివర ఒక బొట్టు గోళ్ళరంగు పూసేవారు. కొట్టంతా అదే వాసన.

అలాంటి ఎరలతో చేపలు పట్టే సరదా ఉన్నవాళ్ళ కోసం ఆయన ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టారు. కృష్ణపట్నం దగ్గరి పాయల్లో పండుగప్ప చేప ఎప్పుడు కదులుతుందో, ఏ రంగు ఈకకు ఆశపడుతుందో అందులో రాసుకునేవారు. వెబ్‌సైట్ల పని నేర్చుకుని ఖాళీగా ఉన్న నన్ను దాన్ని బాగుచేయమని పిలిచారు. పెద్దింటి బిడ్డ ఇలా అయిపోయాడే అన్న జాలి ఆయన గొంతులో ఒక్కసారీ వినిపించలేదు. అందుకే ఒప్పుకున్నాను.

"కంటి నరం పోతా ఉండాదంట అబ్బయా. మావోళ్ళు రాసేది నేనే చదువుకోవాల. కొడుకుల్ని చదవమంటే సగం మింగేస్తారు. చూపు ఉన్నన్నాళ్ళన్నా చదివేటట్టు చెయ్యి" అన్నారు.

ముదురు నీలం మీద బంగారు అక్షరాలు పెట్టి, చుట్టూ నగిషీ అంచులు గీసి ఫోరం పేజీ తయారుచేసి తెచ్చాను. ఆయన నన్ను పాయ దగ్గరికి తీసుకెళ్ళి, మోకాటి లోతు నీళ్ళలో నిలబెట్టి, ఒక చేతికి గాలం కర్ర, ఇంకో చేతికి ఫోను ఇచ్చారు. ఎండకు తెర మీద నా ముఖం తప్ప ఏమీ కనిపించలేదు.

"మనోళ్ళు చదివేది ఈడ నిలబడి. బంగారం పెళ్ళికి దాచిపెట్టు. ఈళ్ళకి నలుపు చాలు" అని నవ్వారు.

తెల్లటి పేజీ మీద లావుపాటి నల్లని అక్షరాలు పెట్టాను. బొటనవేలికి అందేచోట మీటలన్నీ ఉంచాను. అయినా చదవడం కష్టంగానే ఉంది. పెద్దల మాటను ముక్క చేయడం అమర్యాదని, ఫోరంలో జవాబిచ్చే ప్రతివారూ పైవారు రాసినదంతా తమ జవాబులో తిరిగి దించేవారు. రెండు మాటల జవాబు కోసం తెర మీద ఎంతోసేపు వేలు జరపాలి. పెద్దల మాటకు ఉండవలసిన విలువ తెలిసినవాణ్ణి కనుక నేనూ తటపటాయించాను. చివరకు పూర్తి మాటను రాసినవారి పేరుతో పైన ఒక్కచోటే ఉంచి, జవాబుల దగ్గర అందులోంచి ఒక వాక్యం మాత్రమే కనిపించేలా చేశాను.

మర్నాడే బిట్రగుంట నుంచి రైలింజను నడిపి రిటైరైన ప్రకాశరావు గారు కొట్టుకొచ్చారు. ఫోరంలో అందరికన్నా పెద్ద ఆయనే.

"ఏం సాయబూ, నా మాటలు తెగ్గోసినాడంటనే మీ పిల్లోడు?"

"తెగ్గొయ్యలేదన్నా. ఇన్నాళ్ళూ నిన్ను ప్రతివోడి నెత్తిమీదా మోయించినాం. ఇప్పుడు నీకని కుర్చీ ఏసినాం. కూసో."

ప్రకాశరావు గారు ఫోనులో తన పేరు పైన ఉండటం చూసుకుని, టీ తాగి వెళ్ళారు.

ఆయన వెళ్ళాక ఖాదర్ గారు ఫోనును ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఆయన రాసినదంతా మొదటి నుంచి చివరిదాకా ఎవరి సాయమూ లేకుండా చదివారు. "అబద్ధాలకోరు! అంత చేప యాడ పట్టినాడు!" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. చూపు పూర్తిగా ఆరిపోయేదాకా రోజూ అలాగే చదువుకున్నారు. ఆ తర్వాత ఫోరాన్ని నా చేతిలో పెట్టారు.

ఇప్పుడు ఆసుపత్రులకూ బడులకూ పేజీలు తయారుచేస్తున్నాను. ఏది అప్పగించే ముందైనా ఎండవేళ మిద్దె ఎక్కి, ఒంటిచేత్తో పట్టుకుని చదివి చూస్తాను. చదివే మనిషి ఎక్కడ నిలబడి ఉంటాడో ముందు అడగడం ఆయన నాకిచ్చిన చదువు. ఆయన పోయాక ఒక వ్యాపారి ఫోరాన్ని కొంటానని వచ్చాడు. ఇవ్వలేదు. డబ్బు అవసరమై, సంగం ఊరి దగ్గర తాతల నుంచి మాకు మిగిలిన మడిచెక్కను మాత్రం ఆ ఏడే అమ్మేశాం.