తక్కినది రెండో కార్డులో

చేతిలో డబ్బు లేకపోయినా కాళ్ళలో చక్రాలుండే వయసు ఒకటుంటుంది. ఆ వయసులో మా స్నేహితులు కొందరు సినిమా హాళ్ళ చుట్టూ, కొందరు లేడీస్ కాలేజీ బస్టాపు చుట్టూ, బుద్ధిమంతులు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగారు. నేను పాత కాగితాల కొట్ల చుట్టూ తిరిగాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి పోస్టుకార్డులు పోగుచేయడం నా జబ్బు. జబ్బని పేరు పెట్టింది నేను కాదు, మా అమ్మ. తాడేపల్లిగూడెంలో పుట్టినవాడికి ఆ యుద్ధం మీద మోజు కలగడంలో వింతేమీ లేదు. తెల్లవాళ్ళు యుద్ధ విమానాల కోసం వేసిపోయిన రన్‌వే మీదే మేమంతా సైకిలూ, తర్వాత స్కూటరూ నేర్చుకున్నాం (మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది, యుద్ధంలో తగిలిన దెబ్బని మా పిల్లలకు చాలాకాలం చెప్పాను, వాళ్ళు నమ్మారు కూడా). కానీ మా అమ్మకు కార్డంటే చావు కబురు. "ఎవరింటి మైలో ఏమో, తెచ్చి దేవుడి గూటి కింద పెడతావేంట్రా!" అని, నేను ఊళ్ళో లేనప్పుడు వాటి మీద పసుపు నీళ్ళు చల్లేది. నా దగ్గరున్న కార్డుల్లో సగానికి ఆ మరకలున్నాయి. ఉత్తరాలు చదివి పంపే మిలిటరీ సెన్సారు వాళ్ళ ముద్ర ఏదో, అమ్మ ముద్ర ఏదో చూడగానే చెప్పగలను.

అప్పుడు నాకు ఏలూరులో ఉద్యోగం. జెరాక్స్ మిషన్లు బాగుచేసే కుర్రాణ్ణి. టక్ చేసిన చొక్కా, బూట్లు, భుజాన నల్ల సంచీ, అందులో స్క్రూడ్రైవర్లు. దూరం నుంచి చూస్తే ఎవరైనా ఆఫీసరనుకునేవారు, దగ్గరకొస్తే గానీ భ్రమ పోయేది కాదు. ఈ కార్డుల పిచ్చిలో నాకు గురువు ఒక రిటైరైన టీచరు. అందరూ స్టాంపుల మాస్టారనేవారు. నాకన్నా నలభై ఏళ్ళు పెద్దవారైనా నన్ను కూడా "ఏవండీ" అనే పిలిచేవారు. ఒకనాడు పాత ఇనప సామాన్ల కొట్లో, తుప్పుపట్టిన తీగకు గుచ్చిన ఉత్తరాల కట్ట ఒకటి దొరికింది. పాత ఇళ్ళలో వచ్చిన ఉత్తరాన్నల్లా ఇనప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసేవారు కదా, అది. అన్నీ పెళ్ళి పిలుపులూ, శిస్తు రశీదులూ. మధ్యలో ఒకే ఒక్క కార్డు, ఇంగ్లండు రాజుగారి తలతో, సెన్సారు ముద్రతో, నడిమధ్యన తీగ చిల్లుతో. కొల్లేటి లంకల్లోని ఒక ఊరికి, సిపాయి కొడుకు తండ్రికి రాసినది.

ఆ కార్డు నాకు ఇవాళ్టికీ కంఠతా వచ్చు. నాయనగారి పాదములకు నమస్కారములు, ఇక్కడ నేను క్షేమం. పెద్దమ్మకు, చిన్నమ్మకు, మేనమామకు పేరుపేరునా నమస్కారములు. బావను అడిగానని చెప్పవలెను. బావ తమ్ముణ్ణి కూడా అడిగానని చెప్పవలెను. పొడ గేదె ఈనినదా, దూడ ఆడదా మగదా? ఈ ఏడు వరద నీళ్ళు మన అరుగు దాకా వచ్చినవని రాసినారు, పాత దోనెకు తారు పూయించవలెను. ఇలా ఊరందరినీ, గేదెనూ, దూడనూ, దోనెనూ పలకరించుకుంటూ వచ్చి, అడుగున చీమల్లాంటి అక్షరాలతో "మరియు మన ఇంటి చిన్నదానికి చెప్పవలసిన ముఖ్య సంగతి ఏమనగా, చోటు లేదు, తక్కినది రెండో కార్డులో" అని ముగించాడు మహానుభావుడు.

ఇంటి చిన్నదంటే పెళ్ళామే. ఆ రోజుల్లో పెళ్ళానికి నేరుగా రాయడం ఎక్కడిది, నాన్నకు రాసిన కార్డులోనే చివర ఓ ముక్క. ఆ ఒక్క ముక్కకే చోటు మిగల్లేదు! కట్టంతా పదిసార్లు తిరగేశాను. రెండో కార్డు లేదు. కొట్టువాడి గుట్టలన్నీ కెలికాను, వాడు చివరికి చీపురు తీసుకుని తరిమాడు. ఆ రోజు మొదలు నాకు అన్నం సయించలేదు. కాలుగాలిన పిల్లిలా ఏలూరంతా తిరిగాను. బస్సులో కూర్చున్నా ముఖ్య సంగతి, మిషను విప్పినా ముఖ్య సంగతి. ఆ పరధ్యానంలో ఒక కాలేజీ వాళ్ళ మిషనుకు ఏదో తలకిందులుగా బిగిస్తే ప్రిన్సిపాలుగారి సర్క్యులర్లన్నీ నల్లగా బొగ్గుల్లా వచ్చాయి. మాస్టారు నా వాలకం చూసి, "ఏవండీ, రెండో కార్డు రాసే లోపల వాళ్ళ పటాలం లారీ కదిలిపోయి ఉండొచ్చు కదండీ. వదిలేయండి," అన్నారు. వదిలేయడం నా చేతిలో ఉంటేనా! ఆ ఆదివారమే బండేసుకుని కొల్లేరు బయల్దేరాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొల్లేరులో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించి అప్పటికి ఎంతోకాలం కాలేదు. సరస్సు హద్దు ఎక్కడి దాకా అన్నదే ఆ లంకల్లో పగలూ రాత్రీ మాట. పూర్వం నీళ్ళున్న చోటని తేలితే చెరువు పోయినట్టే. ఇవన్నీ పేపర్లో చదివినవాణ్ణే. అయినా నా ధ్యాసంతా రెండో కార్డు మీద ఉండి, ఊళ్ళోకి దిగీ దిగగానే, టక్ చొక్కాతో, నల్ల సంచీతో టీ కొట్టు ముందు నిలబడి, "ఏవండీ, పూర్వం ఇక్కడ నీళ్ళు ఎక్కడి దాకా వచ్చేవండీ?" అని అడిగాను. వరద అరుగు దాకా వచ్చిన ఇల్లేదో తెలిస్తే సిపాయి ఇల్లు దొరుకుతుందని నా తెలివి.

 పావు వంతు తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి ఒక పెద్దాయన లేచాడు. "నీళ్ళా? ఇక్కడ నీళ్ళేంటండీ బాబూ! మా తాతల నాటి నుంచీ ఇది మెరకేనండి. ఆయ్. కందులు పండేయండి," అన్నాడు. అలా అంటున్నంతసేపూ ఆయన చీలమండల దాకా నీళ్ళలోనే నిలబడి ఉన్నాడు. ఇంకొకాయన, "వర్షాలే సరిగా పడవండి మాకు," అని అందుకున్నాడు. కబురు ఎలా వెళ్ళిందో గానీ మా మాట పూర్తయ్యే లోపల ఊరి ప్రెసిడెంటుగారు పరుగులాంటి నడకతో వచ్చి, సంచీ నా భుజం మీంచి లాక్కుని, "ఎండన పడి వచ్చారు, ముందు భోంచేద్దురు గాని రండి," అని ఇంటికి తీసుకుపోయారు.

కొరమేను పులుసు, రొయ్యల వేపుడు, గడ్డ పెరుగు. నోరు తెరిస్తే చాలు, ప్రశ్న బయటికి రాకుండా అందులో ఒక ముద్ద పడేటట్టు చూశారు. నాలుగు ముద్దల మధ్య సందు చూసుకుని సిపాయి పేరు చెప్పాను. ప్రెసిడెంటుగారు పులుసు గరిటె గాల్లోనే ఆపి, "ఆ పేరు గలవాళ్ళు ఈ ఊళ్ళో పుట్టనే లేదండి," అన్నారు. ప్లాస్టిక్ కవర్లోంచి కార్డు బయటికి తీశాను. రాజుగారి తల చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. "బ్రిటిష్ రికార్డులు కూడా తవ్వారాండీ!" అన్నారు. నేను కాదు కాదంటున్నా వినకుండా చేతులు కడిగించి, మూటెడు ఎండు చేపలు బండికి కట్టించి సాగనంపారు.

బుద్ధి ఉన్నవాడైతే అక్కడితో ఆగేవాడు. నేను మళ్ళీ ఆదివారం వెళ్ళాను. ఈసారి ఎవర్నీ అడక్కుండా పాత అరుగులున్న ఇళ్ళ ముందు గొంతుక్కూర్చుని, జానతో ఎత్తులు కొలవడం మొదలుపెట్టాను. మూడో అరుగు దగ్గర తలెత్తి చూస్తే ఊరు ఊరంతా నా చుట్టూ ఉంది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. ఒకావిడ ఏడుస్తోంది. "చెరువు పోతే పిల్లదాని చదువెట్టాగండీ," అంది నాతో నేరుగా.  నా సరదా వాళ్ళకు ఏమిటో అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. "అమ్మా, నేను సర్వే వాణ్ణి కాదు, జెరాక్స్ మిషన్ల వాణ్ణి!" అని సంచీ బోర్లించాను. స్క్రూడ్రైవర్లు దొర్లాయి. "అన్నీ కొలతల సామాన్లే," అన్నాడెవరో వెనక నుంచి. ఇక లాభం లేదని కార్డు తీసి, పక్కనున్న బల్లెక్కి, బళ్ళో పాఠంలా గట్టిగా చదివాను. ఇది రికార్డు కాదు, ఉత్తరమని తెలిస్తే చాలనుకున్నాను.

పెద్దమ్మలూ చిన్నమ్మలూ అయ్యేదాకా అనుమానంగా విన్నారు. బావ తమ్ముడి దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. గేదె దగ్గరికి వచ్చేసరికి ముసలివాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుంటున్నారు. "మన ఇంటి చిన్నదానికి చెప్పవలసిన ముఖ్య సంగతి ఏమనగా," అని నేను ఊపిరి తీసుకునే లోపల, ఊరంతా ఒక్క గొంతుతో, "తక్కినది రెండో కార్డులో!" అని అరిచి ఘొల్లుమంది.

నేను బల్ల దిగి సంగతేమిటని అడిగాను. ఆ ఊళ్ళో అది సామెతట! అప్పివ్వనని చెప్పాలన్నా, పెళ్ళెప్పుడని అడిగితే తప్పించుకోవాలన్నా, చిన్నపిల్లల దగ్గర్నుంచి "అది రెండో కార్డులో ఉంది" అంటారట. ఇంతలో ప్రెసిడెంటుగారు తల గోక్కుంటూ ముందుకొచ్చి, "అది మా మామ్మ కార్డేనండి," అన్నారు. మరి ఆ పేరు గలవాళ్ళు పుట్టనే లేదన్నారు కదండీ అంటే, "మా తాతయ్య పేరేనండి. ఏ రికార్డులోకి ఎక్కిస్తారోనని అలాగన్నాను, ఏమనుకోకండి," అన్నారు. పోయిన వారం నేను పులుసు జుర్రుకున్నది దండ వేసిన ఆ తాతయ్య ఫొటో కిందనే.

మామ్మగారు పెరటి వసారాలో రొయ్యలు ఒలుస్తూ కూర్చున్నారు. ఎనభై దాటిన మనిషి, పిడికెడంత ఉన్నారు. కార్డు తెచ్చినవాడొచ్చాడని చెప్పగానే చేతులు చీర కొంగుకు తుడుచుకుని, నా వంక చూసి, "తెచ్చావా బాబూ?" అన్నారు.  రెండో కార్డు ఆవిడ దగ్గరుంటుందని నేను వెళ్ళాను. అది నేను తెచ్చాననుకుంటున్నారావిడ. "లేదండి మామ్మగారూ, మొదటిదేనండి," అన్నాను, నేనే ఎక్కడో పారేసినట్టు.

"అది రానే లేదు నాయనా," అన్నారు. చెప్పుకొచ్చారు. చదువు రాని ఊరు, పోస్టుబంట్రోతు అరుగు మీద కూర్చుని అందరి ముందూ చదివాడు. తన వంతు కోసం తలుపు చాటున నిలబడితే ఆఖరికి ఆ ముక్క వచ్చింది. ఊరంతా నవ్వింది. పడవ వచ్చినప్పుడల్లా ఆ రెండో కార్డు కోసం రేవుకు పరిగెత్తేవారట. యుద్ధం అయిపోయింది, మనిషే వచ్చాడు, కార్డు రాలేదు. "ఏం రాశావయ్యా అంటే, రాశానే, రాలేదా? అన్నాడు. నోటితో చెప్పమంటే నవ్వేవాడు. ఇంక ఏవడిగినా అదే మాట బాబూ. కూరెలా ఉందంటే రెండో కార్డులో ఉంది. సంతలో గాజులు తెస్తావా అంటే రెండో కార్డులో ఉంది. నలుగురు పిల్లల్ని కన్నాను, ఆ ముక్క మాత్రం చెప్పలేదు. ఆఖర్న మంచాన పడ్డప్పుడు కూడా అడిగాను. నవ్వాడంతే." రొయ్యల బుట్ట పక్కకు జరిపి, "అసలు రాయలేదంటారు వీళ్ళందరూ. రాశాడు. నాకు తెలుసు," అన్నారు.

మరి ఈ కార్డు ఇనప కొట్టుకు ఎలా చేరిందని అడిగితే, మామ్మగారి కళ్ళు మనవడి మీదికి తిరిగాయి. కొత్తిల్లు కట్టినప్పుడు ఆ తీగ ఇనపదని, ఉత్తరాలతో సహా ఉల్లిపాయల బండివాడికి వేసేశారట. "మొగుడి ఉత్తరానికి ఉల్లిపాయలు తెచ్చాడమ్మా ఈ ప్రెసిడెంటు!" అన్నారు. ఆ పెద్దమనిషి పిల్లిలా తలుపు వెనక్కి జారుకున్నాడు.

కార్డు ఆవిడ చేతిలో పెట్టాను. నా దగ్గరున్నవాటిలో అంత మంచిది మరొకటి లేదు, అయినా ఆ క్షణాన ఇచ్చేయాలనే అనిపించింది. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, తన ముక్క ఎక్కడుందో వేలు పెట్టించుకుని, ఒకసారి చదవమన్నారు. చదివాను. అక్కడ ఆగాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మామ్మగారు కార్డు మళ్ళీ నా చేతికిచ్చి, "నువ్వే ఉంచు. నా దగ్గరుంటే మళ్ళీ ఉల్లిపాయలకు పోద్ది. నీకైతే నిద్ర పట్టదు. నిద్ర పట్టనోడి దగ్గరుంటేనే రెండోది దొరుకుద్ది," అన్నారు.

అది శాపమో దీవెనో గానీ అంటుకుంది. మామ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. నాకు జుట్టు నెరిసింది, సొంతంగా మిషన్ల షాపు పెట్టుకున్నాను, ఇద్దరు పిల్లలు. అయినా పాత కార్డుల కట్ట ఎక్కడ కనబడినా నమస్కారాలు లేకుండా మధ్యలోంచి మొదలయ్యే కార్డు కోసం నా వేళ్ళు వాటంతటవే పరిగెడతాయి. మొన్న తణుకులో ఒక పాత పుస్తకాల కొట్టులో అలాంటిదే ఒకటి దొరికింది. అదే రాజుగారి తల, పలకరింపు లేదు, సరాసరి "కాబట్టి" అని మొదలు.  చదివితే, ఎవరో ఎవరికో విత్తనాల బస్తా సంగతి. బస్టాండులో కూలబడి మా ఆవిడకు ఫోన్ చేశాను. కాగితం రంగు చెప్పాను, ముద్ర చెప్పాను, ఆ "కాబట్టి" చూసినప్పుడు గుండె ఎలా ఆగిందో చెప్పాను, బస్తా గురించి కూడా చెప్పాను. అన్నీ అయ్యాక, "సరే, మిగతాది ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం," అన్నాను.

 మా ఆవిడ మెల్లగా, "ఏవండీ, పొద్దున్న నేను డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. ఏమన్నారని అడగడం కూడా రెండో కార్డులోనేనా?" అంది.

పక్కనున్నాయన నా ముఖం చూసి మంచినీళ్ళ సీసా అందించాడు. కంగారు పడాల్సిందేమీ లేదని, బీపీ మాత్ర మార్చారని ఆవిడే చెప్పి, నవ్వి పెట్టేసింది. ఏలూరు బస్సు వచ్చింది, ఎక్కలేదు. మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి కార్డు ఊసెత్తలేదు. మా ఇంటి చిన్నదానికి చెప్పవలసినది ముందుగానే చెప్పేశాను. ఏం చెప్పానో మాత్రం మీరడక్కండి.